తల ఊపే పిల్ల

లెక్క రావడం వేరు, లెక్క చెప్పడం వేరు. ఈ ముక్క శిక్షణ కళాశాలలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, కొత్త టీచరు బుద్ధిగా తల వంచుకుని రాసుకునే ఉంటుంది. కానీ తొమ్మిదో తరగతి గదిలోకి అడుగుపెట్టి, గదినిండా పిల్లల కళ్లు ఒక్కసారిగా తన మీద వాలేసరికి రాసుకున్నదంతా గాలికి పోయింది. బోర్డు వైపు తిరిగితే చేతిలో సుద్దముక్క విరిగింది. వంగి తీసుకుంటే ఆ ముక్కా విరిగింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది.

అంతకు ముందు ఆవిడ అద్దాల దుకాణంలో పనిచేసింది. పెద్ద గాజు పలకను ఎటునుంచి ఎలా కోస్తే ముక్క వృథా కాకుండా కిటికీలన్నిటికీ సరిపోతుందో కాగితం మీద గీసి, కోసేవాళ్ల చేతికివ్వడం ఆవిడ పని. ఆ పనిలో ఒక సుఖం ఉంది. లెక్క తప్పితే అద్దం చట్రంలో పట్టదు, అప్పటికప్పుడే తెలిసిపోతుంది. యజమానికి వయసు మీదపడి దుకాణం మూసేశాక, నీకు లెక్కలంటే ఇష్టం కదా పంతులమ్మవు కారాదా అని భర్త మాటవరసకు అన్నాడు. మాటవరసకు అన్నదాన్ని పట్టుకుని ఆవిడ, తమ్ముడి వయసువాళ్ల పక్కన కూర్చుని మరీ, శిక్షణ పూర్తిచేసింది. ఆయన అంబులెన్సు నడుపుతాడు. నడుము అరిగిపోయింది, డాక్టర్లు ఇక ఆ సీట్లో కూర్చోవద్దంటున్నారు. ఆవిడ ఉద్యోగం నిలబడితే ఆయన దిగుతాడు. లేకపోతే ఆ నడుముతోనే బండి తిప్పాలి.

నిలబడితే అని ఎందుకన్నానంటే, ఆ బడిలో కొత్తవాళ్లకు మొదట ఒక్క టర్మ్‌కే కుర్చీ ఇస్తారు. టర్మ్ చివర పెద్ద మేడమ్, అంటే ప్రధానోపాధ్యాయురాలు, వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం వింటుంది. నచ్చితే కాగితం మీద సంతకం పెడుతుంది. నచ్చకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది. పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు, కానీ మొహమాటం అనేది ఆవిడ ఇంటావంటా లేదు. క్రితం ఏడాది ఒక సైన్సు మాస్టారు పాఠం మధ్యలోనే ఆవిడ లేచి వెళ్లిపోయిందనీ, ఆయన వారం తిరక్కుండా సామాను సర్దుకున్నాడనీ స్టాఫ్ రూములో చెప్పుకుంటారు. స్టాఫ్ రూముల్లో కొత్తవాళ్లకు మొట్టమొదట వడ్డించేది ఇలాంటి కథలే.

ఆ మొదటి రోజు స్టాఫ్ రూములో కొత్త టీచరు మొహం చూసి జాలిపడ్డది ఒక్క సున్నా మాస్టారే. పైతరగతులకు లెక్కలు చెప్పే పెద్దాయన. నున్నటి బట్టతల వల్ల ఆ పేరు వచ్చిందని మాస్టార్లంటారు, వేసే మార్కుల వల్ల వచ్చిందని పిల్లలంటారు. ఆయన ఒక చిట్కా చెప్పాడు. గదంతా చూస్తే గుండె జారుతుంది, ఎవరో ఒక్కరు శ్రద్ధగా వినేవాళ్లను వెతుక్కుని, ఆ మొహానికి చెప్పుకుపోండి, నలభై ఏళ్లుగా బడి అలాగే నడుస్తోంది అన్నాడు.

మర్నాడు ఆవిడకు ఆ మొహం దొరికింది. కిటికీ పక్కన మూడో బెంచీలో ఒక బక్కపలచని పిల్ల. తోటివాళ్లు పిచ్చుక అని పిలుస్తారు. నిజానికి మొదటి రోజు, నవ్వుల మధ్య కూడా ఆ పిల్ల నవ్వలేదు, పెద్ద పెద్ద కళ్లతో టీచరునే చూసి మెల్లగా తల ఊపింది. అబ్బ, ఆ ఊపు ఎంత చల్లగా తగిలిందో. సమీకరణం ఒక మెట్టు దిగగానే ఆవిడ కిటికీ వైపు చూసేది. పిచ్చుక తల ఊపేది. ఆవిడ రెండో మెట్టు దిగేది. పిచ్చుక కాస్త ఆలస్యంగా ఊపితే ఇంకోసారి చెప్పేది, వెంటనే ఊపితే ముందుకు సాగిపోయేది. వారాలు గడిచేసరికి చెయ్యి వణకడం తగ్గింది, సుద్ద విరగడం మానేసింది. అన్నం సయించసాగింది. గది నిశ్శబ్దంగా ఉంటోంది, సిలబస్ అందరికంటే ముందుగా నడుస్తోంది, నాకూ చెప్పడం వచ్చేసిందని ఆవిడ నమ్మింది.

నమ్మకం మంచిదే. పరీక్ష పేపర్లు దిద్దేదాకా.

పెద్ద మేడమ్ పాఠానికి వచ్చే ముందు రోజున, ఖాళీ పీరియడ్‌లో, ఆవిడ ఆ పేపర్ల కట్ట విప్పింది. మొదటి పేపరు తప్పు. సరే, ఆ పిల్లాడు ఎప్పుడూ అంతే. రెండోదీ తప్పు. అయిదోదాకా వచ్చేసరికి తప్పు ఎక్కడో తెలిసిపోయింది. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల గుర్తులన్నీ మారాలి. పిల్లలు మొదటి గుర్తు మార్చి రెండోదాన్ని వదిలేశారు, కొందరు మారకూడని చోట కూడా మార్చారు, కొందరు బ్రాకెట్‌నే మాయం చేశారు. పిచ్చుక పేపరు కోసం గబగబా వెతికింది. అదైనా బాగుంటే కాస్త ధైర్యం. ఆ పేపర్లో పైన పేరు ఉంది, ప్రశ్నల నంబర్లు అందంగా వేసి ఉన్నాయి. మిగతాదంతా తెలుపు.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. జ్వరంతో రాసిందేమో అనుకుంది, ఇంట్లో ఏదైనా గొడవేమో అనుకుంది. సాయంత్రం గంట కొట్టాక పిల్లను ఆగమంది. ఒంట్లో బాగుందా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అటు తిప్పి ఇటు తిప్పి అడిగింది. పిచ్చుక అన్నిటికీ బాగానే ఉందంది. మరి రోజూ అర్థమయిందని తల ఊపేదానివి కదా అంటే మాత్రం బెంచీ అంచు గీకుతూ చెప్పింది.

"మొదటి రోజు మీ చెయ్యి వణికింది టీచర్. సుద్ద పడిపోతే అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. మీరు నా వైపు చూస్తే ఊరికే తల ఊపాను. మీరు కుదుటపడ్డారు. రెండో రోజు కూడా నన్నే చూశారు. ఇక ఆపితే మీకు మళ్లీ భయమేస్తుందేమోనని."

"అర్థం కాకపోయినా ఊపావా?"

"మీరెప్పుడు నా వైపు చూస్తారా అని కాచుకుని ఉండాలి కదా టీచర్. ఆ ధ్యాసలో మీరు చెప్పేది వినబడేది కాదు."

ఆ పిల్ల గొంతులో నేరం చేసిన భయం లేదు. రోజంతా చంటిపిల్లను ఎత్తుకుని చేతులు నొప్పి పుట్టినవాళ్ల అలసట ఉంది. కొత్త టీచరు ఆ తెల్ల పేపరును మళ్లీ కట్టలో పెట్టింది. సరే ఇంటికి వెళ్లు, చీకటి పడుతుంది అని మాత్రం అంది. ఎండ ఇంకా కిటికీ మీదే ఉంది.

స్టాఫ్ రూములో సున్నా మాస్టారు ఒక్కడే ఉన్నాడు. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. చెమ్మగిల్లిన కళ్లద్దాలు తుడుచుకుని, చూడమ్మా, రేపొక్కరోజు ఊపనివ్వు అన్నాడు. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు, ఆ అమ్మాయి తల ఊపుతుంది, పెద్ద మేడమ్‌కు కావలసింది అదే, సంతకం పడ్డాక తీరిగ్గా మొదటినుంచి చెప్పుకో, ముందు కుర్చీ నిలబెట్టుకుంటే కదా పిల్లలకు మేలు చేసేది అని నచ్చజెప్పాడు. ఆయన మాటలో ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. అదే ఆవిడను ఎక్కువ భయపెట్టింది.

ఇంటికి వచ్చేసరికి భర్త డ్యూటీకి వెళ్లిపోయాడు. నడుముకు కట్టుకునే పట్టీ కుర్చీ మీదే మరిచిపోయాడు. ఆ పట్టీ చూడగానే ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వంటింట్లో అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తోంది. రేపటి పాఠం ఒకసారి చెప్పి చూసుకుంటాను, వింటారా అత్తయ్యా అంటే ఆ పెద్దావిడ సంబరపడింది. బల్ల ఎదురుగా సర్దుకుని కూర్చుంది. కోడలు గోడను బోర్డుగా చేసుకుని, వేలితో గీస్తూ, బ్రాకెట్ ముందు మైనస్ గురించి మొదలుపెట్టింది. అత్తగారు ప్రతి మాటకూ తల ఊపింది. కోడలు వేగం పుంజుకుంది. మధ్యలో ఆగి చూస్తే అత్తగారు ఇంకా ఊపుతూనే ఉంది, చేతులు చిక్కుళ్లు ఒలుస్తూనే ఉన్నాయి.

"అత్తయ్యా, నిజం చెప్పండి. అర్థమయిందా?"

"ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. నువ్వు అంత కష్టపడి చెబుతుంటే కాదని ఎలా అనను తల్లీ?"

మరోరోజయితే ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకునేవాళ్లు. ఆ సాయంత్రం కోడలు నవ్వబోయి నవ్వలేక బల్ల దగ్గర కూలబడింది. అత్తగారు కంగారుపడి మంచినీళ్లిచ్చి, నాలాంటి మొద్దుకు చెప్పడం గోడకు చెప్పినట్టే, పిల్లలు చురుకైనవాళ్లు అని ఓదార్చింది. పిల్లలూ మీలాంటి మంచివాళ్లే అత్తయ్యా, అదే వచ్చిన చిక్కు అంది కోడలు. అత్తగారికి ఆ మాట ఎంతమాత్రం బోధపడలేదు. అలవాటుగా తల ఊపింది.

మర్నాడు తెల్లవారినప్పటినుంచీ కొత్త టీచరుకు గుండెల్లో రైళ్లు పరుగెడుతూనే ఉన్నాయి. బస్సులో రెండు స్టాపుల ముందే లేచి నిలబడింది. రాత్రంతా ఆవిడ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. ఇటు చూస్తే భర్త నడుము, అటు చూస్తే తెల్ల పేపరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సున్నా మాస్టారు చెప్పినట్టు ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, పిల్ల తనంతట తనే ఊపుతుంది, నేను ఊపమనలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటూ తరగతి దాకా వచ్చింది.

కానీ పిచ్చుక గుమ్మంలోనే కాచుకుని ఉంది. చుట్టూ ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఇవాళ పెద్ద మేడమ్ వస్తున్నారు కదా టీచర్. ఊపమంటారా?"

ఊపమ్మా, ఈ ఒక్కరోజు ఊపు అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవాలి, ఈ కథలో ఆవిడను దేవతను చేసే ఉద్దేశం నాకు లేదు. వరండా చివర పెద్ద మేడమ్ చెప్పుల చప్పుడు వినబడుతోంది. పిల్ల మొహంలో ఆ అలసట అలాగే ఉంది, పైగా ఇవాళ ఇంకా బాగా ఊపాలన్న ఆరాటం కూడా చేరింది. టీచరు పిల్ల ఎత్తుకు వంగింది.

"అర్థమయితేనే ఊపు. కాకపోతే చెయ్యెత్తు," అంది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది, కానీ పెద్ద మేడమ్ అప్పటికే గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

పాఠం మొదలయింది. వెనక బెంచీలో పెద్ద మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. కొత్త టీచరు బోర్డు మీద 20 − (8 − 3) అని రాసింది. గుర్తులు మారతాయని నియమం చెప్పింది, అలవాటు కొద్దీ కిటికీ వైపు చూసింది. పిచ్చుక తల కదల్లేదు. ఇంకోసారి చెప్పి మళ్లీ చూసింది. కదల్లేదు. బోర్డు మీద అడ్డగీత గీసి, అంకెలు వేసి, వెనక్కీ ముందుకీ గంతులు వేయించి చూపించింది. పిచ్చుక పెదవి కొరుక్కుంటూ చూస్తోంది, తల మాత్రం రాయిలా ఉంది. అప్పుడు పిచ్చుక చెయ్యి లేచింది.

"మైనస్ మూడు ప్లస్ మూడు ఎందుకవుతుంది టీచర్? మారుతుందని తెలుసు. ఎందుకో తెలీదు."

తర్వాత ముందు బెంచీలో ఒక చెయ్యి లేచింది, నాకూ తెలీదు టీచర్ అంటూ. వెనకనించి ఇంకోటి. ఆపైన ఎన్ని లేచాయో ఆవిడ లెక్కపెట్టలేదు. ఇన్నాళ్లూ తను నిశ్శబ్దం అనుకున్నది ఇదన్నమాట. పెద్ద మేడమ్ ఏదో రాసుకుంటోంది. ఇల్లు కాలిపోతుంటే ఇక సామాను గురించి బెంగేమిటి అన్నట్టు, భయం అంచు దాటాక ఆవిడకు ఒకలాంటి తెగింపు వచ్చింది.

ఇరవైమందిని బెంచీల్లో ఉండమని, మిగతావాళ్లను గోడవారగా నిలబడి చూడమంది. ఇరవైమందిలో ఎనిమిదిమందిని లేచి గది బయటికి వెళ్లిపొమ్మంది. వాళ్లు పండగ చేసుకుంటూ వెళ్లారు. మీలో ముగ్గురు వెనక్కి రండి అని గుమ్మంలోంచి పిలిచింది. ఎవరు రావాలన్నదాని మీద బయట తోపులాట జరిగింది, వరండాలో అటెండరు ఎవరినో గదిమాడు, ఎట్టకేలకు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఎంతమంది ఉన్నారో చెప్పమంటే పదిహేను అని గది హోరెత్తింది. ఎనిమిదిమంది పోయారు, అందులో ముగ్గురు తిరిగొచ్చారు, వాళ్లను మళ్లీ కలుపుకోవద్దా అంటే గోడవారగా నిలబడ్డ ఒక పొడుగాటి కుర్రాడు, ఓహో అందుకా ప్లస్ అని తనలో తను అన్నాడు. ఆ ఓహో విని టీచరు బోర్డు దగ్గరికి వెళ్లి 20 − 8 + 3 అని రాసింది.

పిచ్చుక చెయ్యి మళ్లీ లేచింది. ఎనిమిది బదులు x ఉంటే ఎంతమంది బయటికి వెళ్లినట్టు, అది తెలీకుండా ఎలా లెక్కపెడతాం అని అడిగింది. మంచి ప్రశ్న. జవాబు మొదలుపెట్టేలోగా గంట కొట్టారు. బయటున్న అయిదుగురూ అటునించి అటే ఆటస్థలంలోకి పారిపోయారు. బోర్డు మీద ఒక్క లెక్క ఉంది. పాఠ ప్రణాళికలో రాసినవాటిలో మిగతావన్నీ కాగితం మీదే ఉండిపోయాయి.

ఆఫీసు గదిలో పెద్ద మేడమ్ కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టింది. పిల్లలు వరండాలో పడ్డారు, పక్క తరగతికి ఇబ్బంది కలిగింది, అనుకున్న పాఠంలో ఆవగింజంత కూడా పూర్తి కాలేదు అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. ప్రతిదీ నిజమే. కొత్త టీచరు తలొంచుకుని వింది. ఆ తర్వాత పెద్ద మేడమ్ కలం పక్కన పెట్టి అసలు ప్రశ్న అడిగింది.

"టర్మ్ అంతా చెప్పారు. ఇన్నాళ్లూ ఎవరికి అర్థమవుతోందనుకున్నారు?"

ఇవాళ పిల్లలు కంగారుపడ్డారని చెప్పవచ్చు. మిమ్మల్ని చూసి బెదిరారని చెప్పవచ్చు. దాటుకోవడానికి దారులు చాలానే కనిపించాయి.

"ఒక్క పిల్లకు," అంది కొత్త టీచరు. "ఆ పిల్లకీ అర్థం కాలేదని నిన్ననే తెలిసింది."

పెద్ద మేడమ్ తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో ఇంకేముందో పోల్చుకోవడం కష్టం. ఇవాళ సంతకం పెట్టలేనంది. అలాగని పొమ్మని కూడా అనలేనంది. ఇంకో టర్మ్ చూస్తాను, ఇదే తరగతికి వస్తాను, ఈసారి చెప్పకుండా వస్తాను, అదే ఆఖరు అని చెప్పి, వేరే కాగితాల్లో తల దూర్చింది. మెచ్చుకోలు మాట ఒక్కటి కూడా రాలలేదు.

అంటే ఇంకో టర్మ్ ఆయన ఆ నడుముతో బండి నడపాలి. ఇంటికి వెళ్లి ఆ మాట ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు. తను చేసింది మంచిపనో బుద్ధితక్కువ పనో కూడా ఆవిడకు తెలియలేదు. సంచీ తీసుకోవడానికి తరగతికి వచ్చేసరికి పిల్లలంతా వెళ్లిపోయారు, పిచ్చుక ఒక్కతే బెంచీలో కూర్చుని ఉంది. బడిలో పిల్లలకు తెలియని రహస్యం ఉండదు కదా.

"సంతకం పెట్టారా టీచర్?"

పెట్టారమ్మా, నువ్వు ఇంటికి వెళ్లు అనాలనిపించింది. పిల్లను కుదుటపరచడానికి ఒక చిన్న అబద్ధం. ఈ పిల్ల తన కోసం ఇన్నాళ్లూ చేసింది అచ్చంగా అదే.

"పెట్టలేదు. ఇంకో టర్మ్ చూస్తామన్నారు. అది నీ వల్ల కాదు, నా వల్ల," అంది.

పిచ్చుక కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. చేత్తో తుడుచుకుంది. వెళ్లిపోతుందనుకుంటే వెళ్లలేదు. మరి ఆ x సంగతేంటి టీచర్ అని అడిగింది.

కొత్త టీచరు సుద్ద తీసుకుంది. ఎంతమంది వెళ్లారో మనకు తెలీదు, కానీ ముగ్గురు తిరిగొచ్చారని మాత్రం తెలుసు కదా అని మొదలుపెట్టింది. వెళ్లినవాళ్లు ఎందరైనా కానీ, ఆ ముగ్గురూ గదిలోనే ఉన్నారు, కాబట్టి ముందు x తీసేసి తర్వాత మూడు కలుపుతాం అంటూ బోర్డు మీద మెల్లగా, ఒక్కో గుర్తు దగ్గర ఆగి రాసింది. రాసి వెనక్కి తిరిగి చూసింది. పిచ్చుక తల అలవాటు చొప్పున కిందికి దిగబోయి, మధ్యలో ఆగిపోయింది.

"ఇంకా అర్థం కాలేదు టీచర్."

కొత్త టీచరుకు మళ్లీ ఆ పాత భయమే వేసింది. రాబోయే టర్మ్‌లో ప్రతిరోజూ ఇలాగే ఉంటుందని తెలిసిపోయింది. సుద్ద కింద పెట్టి, ముందు బెంచీ వెనక్కి తిప్పుకుని పిల్ల ఎదురుగా కూర్చుంది. ఎక్కడిదాకా అర్థమయిందో, ఎక్కడ తప్పిపోయిందో చెప్పమని అడిగి, చెప్పేదాకా ఆగింది.